గ్రంథాలయంలో ఒక బల్ల

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ గులాబీ రాయికి పొద్దున ఒక రంగు, పొద్దు వాలే వేళకు ఇంకో రంగు. 1934 జూలై 5న దానికి శంకుస్థాపన జరిగింది. 1939 డిసెంబర్ 4న ప్రారంభోత్సవం జరిగింది. నడుమ ఆ అయిదేళ్ళూ ఇక్కడి గుట్టల మీద సుత్తె, ఉలి చప్పుడే. విశ్వవిద్యాలయానికి రాళ్ళు కొట్టడానికి వచ్చిన వడ్డెర కుటుంబాలు పని దగ్గరే గుడిసెలు వేసుకున్నాయనీ, పని అయిపోయినా పోవడానికి వేరే చోటు లేక ఇక్కడే ఉండిపోయాయనీ మాణికేశ్వర్ నగర్ పెద్దలు చెప్పుకుంటారు. కాగితాల మీద అది మాణికేశ్వర్ నగర్. క్యాంపస్ పిల్లలకు, తార్నాక ఆటోవాళ్ళకు ఇవాళ్టికీ వడ్డెర బస్తీ.

ఇప్పుడు ఆ ఇళ్ళలో రాయి కొట్టే చేతులు తక్కువ. మనవళ్ళు, మనవరాళ్ళు రకరకాల పనుల్లో చేరారు. ఒకరికి టిఫిన్ బండి, ఒకరికి కుట్టు మిషన్, ఒకరికి చిన్న కిరాణా. మగ్గం వర్క్ చేసే ఆడపిల్లలున్నారు, పండుగలకు సకినాలు, గారప్పలు ఆర్డర్ మీద చేసిచ్చే అమ్మలున్నారు. హాస్టళ్ళ పిల్లలే చాలామందికి గిరాకీ. సెలవులొస్తే బేరాలు పడిపోతాయి, పరీక్షలొస్తే చాయ్ బండి దగ్గర నిలబడే చోటు దొరకదు. విశ్వవిద్యాలయం బస్తీకి అన్నం పెడుతోంది, బస్తీ విశ్వవిద్యాలయానికి టిఫిన్ పెడుతోంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో ఒక్కటి మాత్రం గోడ దాటి ఇవతలికి రాలేదు. అది పుస్తకం. విశ్వవిద్యాలయంతో పాటే 1918లో పుట్టిన పెద్ద గ్రంథాలయం కూతవేటు దూరంలో ఉంది. బస్తీలో వ్యాపారం చేసుకునే మనిషి దాని మెట్లు ఎక్కిన సందర్భాలు వెతికినా దొరకవు.

మొన్న ఒక మధ్యాహ్నం ఆ సందుల్లో ఒక టిఫిన్ బండి అక్కతో మాట్లాడుతుంటే ఆమె పోపుల డబ్బా అడుగు నుంచి ఒక అట్ట తీసి చూపించింది. అరచేయంత అట్ట, నూరు గళ్ళు, సగానికి పైగా గళ్ళలో వంకర టింకర సంతకాలు. నూనె మరకలతో అట్ట మెత్తబడిపోయింది. గిరిగిరి కార్డు. రోజూ సాయంత్రం బండి మీద ఒక కుర్రాడు వస్తాడు, వంద రూపాయలు తీసుకుంటాడు, ఒక గడిలో సంతకం పెట్టి పోతాడు. “పదివేలు రాసుకున్నడన్నా. చేతికి తొమ్మిదివేలే ఇచ్చిండు. నూరు రోజులల్ల అయిపోతది. ఎయ్యి రూపాయలే గదా మిత్తి” అంది. మామూలు సంగతి చెప్పినట్టే చెప్పింది. గొంతులో బాధ ఏమీ లేదు.

ఆ వెయ్యి రూపాయలు అసలు ఎంత మిత్తి? తొమ్మిదివేల మీద వెయ్యి, మూడు నెలల పది రోజులకు. అంటే నూటికి నెలకు మూడు రూపాయల చిల్లర అనిపిస్తుంది. బస్తీలో అందరూ వేసుకునే లెక్క అదే. కానీ ఆ తొమ్మిదివేలు నూరు రోజులూ ఆమె దగ్గర ఉండలేదు. మర్నాటి నుంచే వందేసి చొప్పున వెనక్కి పోతోంది. యాభయ్యో రోజుకు సగం అప్పు తీరిపోయింది. మిత్తి మాత్రం మొత్తం మీద మొదటి రోజే కోసేసుకున్నారు. రోజురోజుకూ తగ్గే అసలు మీద లెక్క కడితే అది నూటికి నెలకు ఆరు రూపాయలు దాటుతుంది. ఏడాదికి చూస్తే దాదాపు 78 శాతం. ఇలాంటి కార్డులు ఏడాదిలో మూడు నాలుగు తిరిగితే బండి ఎవరి కోసం నడుస్తున్నట్టు? “గిరాకీ మంచిగనే ఉంటది, చేతుల పైసలు నిలుస్తలేవు” అని ఆమె అన్నదానికి సమాధానం ఆ అట్ట మీదే ఉంది. చదివి చెప్పే మనిషే లేడు.

ఈ లెక్క రహస్యమేమీ కాదు. ఏ కామర్స్ పాఠ్యపుస్తకంలోనైనా ఉంటుంది. గోడకు అవతల ఆ పుస్తకాలు బీరువాల కొద్దీ ఉన్నాయి, వాటిని చదివి డిగ్రీలు పుచ్చుకున్న పిల్లలు ప్రతి ఉదయం ఆ అక్క బండి దగ్గరే ఇడ్లీ తింటున్నారు. వాళ్ళకు ఆ అట్ట సంగతి తెలియదు, ఆమెకు వాళ్ళ పుస్తకం సంగతి తెలియదు. ఆ ఇద్దరినీ కలిపే చోటు గ్రంథాలయం కావాలన్నదే ఇక్కడ చెప్పదలచుకున్నది.

గ్రంథాలయం అనగానే మన కళ్ళముందు రెండు బొమ్మలు మెదులుతాయి. ఒకటి, కళ్ళజోడు పెట్టుకుని దినపత్రిక తిరగేసే విశ్రాంత ఉద్యోగి. రెండోది, గ్రూప్స్ పుస్తకాలు ముందేసుకుని, పక్కన నీళ్ళ సీసా పెట్టుకుని పొద్దున్నుంచి రాత్రిదాకా కదలకుండా కూర్చున్న నిరుద్యోగి. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి ఏ రోజు వెళ్ళినా ఈ రెండో బొమ్మే కనిపిస్తుంది. ఆ పిల్లల్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. వాళ్ళకు ఆ కుర్చీ అవసరం. అయితే ఉద్యోగం కోసం చదివేవాడికి గ్రంథాలయం ఎంత అవసరమో, ఉద్యోగం దొరక్క సొంతంగా బండి పెట్టుకున్నవాడికీ అంతే అవసరం. కుర్చీ ఖాళీ చేసి ఇవ్వమని కాదు, ఇంకో కుర్చీ వేయమని.

పైగా ఆ గ్రంథాలయానికి డబ్బు కడుతున్నవాళ్ళలో ఈ వ్యాపారీ ఉన్నాడు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. మన తెలుగు నేల మీద దశాబ్దాలుగా గ్రంథాలయాలు నడుస్తున్నది ప్రధానంగా ఈ సొమ్ముతోనే. తార్నాకలో ఒక మల్గి అద్దెకు తీసుకుని జిరాక్స్ షాపు నడుపుకునే మనిషి, యజమాని కట్టే పన్నును అద్దె రూపంలో తానే భరిస్తున్నాడు. అంటే ఆ 8 పైసల్లో అతని వాటా ఉంది. వసూలైన సెస్సును స్థానిక సంస్థలు గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమ చేయకపోవడం, బకాయిలు పేరుకుపోవడం ఎప్పటి నుంచో ఉన్న జబ్బు. ఆ సొమ్ము చేరాల్సిన చోటికి చేరితే కొత్త పన్ను ఏదీ వేయకుండానే చాలా పనులు జరుగుతాయి.

వ్యాపారానికి పుస్తకం ఎందుకని అడిగేవాళ్ళు బస్తీలోనూ ఉన్నారు, బయటా ఉన్నారు. మచ్చుకు ఒక్క పుస్తకం సంగతి చెప్పుకుందాం. మాణికేశ్వర్ నగర్ నుంచి నడిచిపోయేంత దూరంలో, జామై ఉస్మానియా దగ్గర జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో ఒక చిన్న పరిశోధనగా మొదలై, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చి, 1969లో ఈ పేరు పెట్టుకుంది. దేశంలో మనం తినే గింజలు, ఆకులు, కాయలు, చేపలు ఒక్కొక్కటీ పరీక్షించి, నూరు గ్రాముల్లో ఏది ఎంతుందో పట్టికలు కట్టడం వాళ్ళ పనుల్లో ఒకటి. గోపాలన్, రామశాస్త్రి, బాలసుబ్రమణియన్ 1971లో తెచ్చిన పట్టికల పుస్తకం దేశమంతటా ఆహార శాస్త్రం చదివినవాళ్ళ చేతుల్లో నలిగింది. 2017లో 528 ఆహార పదార్థాలతో కొత్త పట్టికలు వచ్చాయి.

ఆ పాత పుస్తకంలో క్యాల్షియం గడి దగ్గర వేలు పెట్టి కిందికి దిగండి. తెల్లబియ్యం, 10 మిల్లీగ్రాములు. రాగులు, 344. నువ్వులు, 1450. కొత్త పట్టికల్లో రాగుల లెక్క 364. బస్తీలో రాగి పిండి, నువ్వుల ఉండలు చేసి అమ్మే ఆడవాళ్ళకు ఈ అంకెలు బంగారం కన్నా విలువైనవి. ఇన్నాళ్ళూ వాళ్ళు “మంచిదమ్మా, బలం” అని నోటిమాటగా చెప్పి అమ్ముతున్నారు. అదే బలాన్ని పెద్ద కంపెనీ రంగుల డబ్బా మీద అంకెలుగా అచ్చు వేసి అయిదింతల ధరకు అమ్ముతోంది. ఆ అంకెలు పుట్టింది ఈ బస్తీ పక్కనే. ప్రజల డబ్బుతోనే పుట్టాయి. వాటిని వాడుకోవడం నేర్చుకున్నది మాత్రం ఎక్కడో ఉన్నవాళ్ళు. ప్యాకెట్ మీద వేసే పట్టికకు ప్రయోగశాల పరీక్ష కావాలా, లెక్క కడితే సరిపోతుందా అన్నది తర్వాత సంగతి. తాను అమ్మే వస్తువులో ఏముందో అమ్మే మనిషికి ముందు తెలియాలి.

అలా పిండి, ఉండలు చేసి అమ్మే ఇంట్లో పదో తరగతి చదివే బిడ్డ ఉంటుంది. గ్రంథాలయంలో ఆ పట్టికను ముందు పెట్టుకుని తల్లికి చదివి వినిపించడానికి ఆ బిడ్డ చాలు. ఆ తర్వాత నూనె ఎంత పోసింది, బెల్లం ఎంత వేసింది, గ్యాసు ఎన్ని రోజులకు అయిపోయింది అన్నవి తల్లే చెబుతుంది. మన ఇళ్ళలో చేసే సరుకుకు ధర కట్టేటప్పుడు తరచుగా లెక్కలోకి రానివి రెండు, గ్యాసు, చేసిన మనిషి కూలి. పిండి ధర, నూనె ధర కలిపి పైన పది రూపాయలు వేసుకుని లాభమనుకుంటారు. రాత్రి రెండింటిదాకా సకినాలు చుట్టిన వేళ్ళకు లెక్కలో చోటుండదు. ఒక నోటు పుస్తకం, ధర కట్టే పద్ధతి తెలిసిన మనిషి పక్కన కూర్చుని గడిపే ఒక గంట ఈ పొరపాటును దిద్దుతాయి.

ఇక నిబంధనల సంగతి. చిన్న వ్యాపారిని అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టేది ఇదే. బండిని ఎత్తుకుపోతారేమోనని ఏళ్ళ తరబడి గుండె చేతిలో పెట్టుకుని బతికేవాళ్ళున్నారు. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. సర్వే పూర్తి చేసి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఏ వీధి వ్యాపారినీ తొలగించరాదని అందులో ఉంది. సరుకు స్వాధీనం చేసుకుంటే జాబితా రాసి, సంతకం చేసి చేతికివ్వాలి. నిలవ ఉండే సరుకును రుసుము కట్టించుకుని, అడిగిన రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. పాడైపోయే సరుకైతే అడిగిన రోజే ఇవ్వాలి. టిఫిన్ బండి అక్కకు ఈ నాలుగు మాటలు తెలుగులో, పెద్ద అక్షరాలతో, గోడ మీద అంటించి ఉంటే ఎంత ధైర్యం!

అప్పులోనూ అంతే. వీధి వ్యాపారులకు పీఎం స్వనిధి కింద మొదటి విడతలో 15 వేలు, తీర్చాక 25 వేలు, ఆ తర్వాత 50 వేలు బ్యాంకు నుంచి దొరికే వీలుంది. సకాలంలో కట్టినవాళ్ళకు 7 శాతం వడ్డీ సబ్సిడీ కూడా ఉంది. ఆ అట్ట మీది 78 శాతాన్ని, ఈ 7 శాతం తగ్గింపును పక్కపక్కన రాసి చూపించడమే ఒక చదువు. చిన్న పరిశ్రమగా నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ 2020 జూలై 1 నుంచి నడుస్తోంది. దానికి ప్రభుత్వం పైసా తీసుకోదు, కాగితాలు అప్‌లోడ్ చేయమని కూడా అడగదు. అయినా వేయి, పదిహేను వందలు బ్రోకర్ చేతిలో పెట్టి ఆ సర్టిఫికెట్ తెచ్చుకుని ఫ్రేము కట్టించుకున్నవాళ్ళు ఊరూరా కనిపిస్తారు. తెలియనితనానికి కట్టిన రుసుము అది. తెలియనివాడిది తప్పు కాదు. తెలుసుకునే చోటు అతని దారిలో లేకపోవడమే తప్పు.

గ్రంథాలయాలను ఇలా బతుకుతెరువుతో ముడిపెట్టడం కొత్త ఆలోచనేమీ కాదు. 1901 సెప్టెంబర్ 1న హైదరాబాద్ రెసిడెన్సీ బజారులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పుట్టింది. దాన్ని నిలబెట్టినవాళ్ళలో ఒకరైన కొమర్రాజు లక్ష్మణరావు తర్వాత 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. ఆ మండలి నవలలతో, చరిత్రలతో ఆగలేదు. జీవశాస్త్రం, రసాయన శాస్త్రం తెలుగులో అచ్చు వేసింది. కట్టమంచి రామలింగారెడ్డి చేత అర్థశాస్త్రం రాయించింది. జనం బతుకుకు పనికొచ్చే జ్ఞానమంతా జనం భాషలో ఉండాలన్నది వాళ్ళ పట్టుదల. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో జరిగిన సభతో ఊరూరా గ్రంథాలయాలు ఒక ఉద్యమమయ్యాయి. కృష్ణా కాలువల మీద పడవల్లో పుస్తకాలు వేసుకుని రేవురేవునా ఆగి పంచినవాళ్ళున్నారు. పాఠకుడు వచ్చేదాకా తలుపు తెరుచుకుని కూర్చోవడం కాదు, పాఠకుడున్న రేవుకు పడవ పోవడం అప్పటి పద్ధతి.

ఉస్మానియాకు ఇంకో వారసత్వం కూడా ఉంది. విశ్వవిద్యాలయం కోసం 1917లోనే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను నెలకొల్పారు. వైద్యం, ఇంజనీరింగ్, న్యాయం, గణితం, అన్నిటినీ ఉర్దూలోకి తెచ్చింది. వందలాది పుస్తకాలు వెలువడ్డాయి. పరాయి భాషలో ఉన్న శాస్త్రాన్ని ఇక్కడి పిల్లవాడి నోటికి అందించాలన్న సంకల్పంతోనే ఈ విద్యాలయం పుట్టింది. అప్పటి పాలనలో తెలుగుకు ఆ గౌరవం దక్కలేదన్న బాధ వేరే చర్చ. ఆ సంకల్పం మాత్రం మరువరానిది. ఇవాళ ఆహార భద్రత నియమాలు, జీఎస్టీ వివరాలు, బ్యాంకు షరతులు చిన్న వ్యాపారికి అర్థమయ్యే తెలుగులో, ఉర్దూలో లేవు. ఉన్నచోట అవి ఆఫీసు తెలుగులో ఉన్నాయి. చదివితే ఇంగ్లీషే నయమనిపించే తెలుగు అది. దారుల్ తర్జుమా నడిచిన విశ్వవిద్యాలయంలో ఈ నాలుగు కాగితాలను బస్తీ భాషలోకి దించడానికి మనుషులు దొరకరా?

బయటి దేశాల్లో ఇది నూరేళ్ళు దాటిన ఆచారం. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని నెవార్క్ నగర గ్రంథాలయం, జాన్ కాటన్ డానా హయాంలో, 1904లోనే ఊరి వ్యాపార కూడలిలో వ్యాపారుల కోసం ఒక శాఖ తెరిచింది. లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీ 2006లో చిన్న వ్యాపారులకు, కొత్త వస్తువులు కనిపెట్టేవాళ్ళకు ఒక కేంద్రం పెట్టింది. ఈ వరుసలో మనసును పట్టుకునే కథ చెస్టర్ కార్ల్‌సన్‌ది. పగలు ఒక కంపెనీ పేటెంట్ విభాగంలో పని, రాత్రి న్యాయశాస్త్రం చదువు. పుస్తకం కొనే స్తోమత లేక న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో కూర్చుని పేజీల కొద్దీ చేత్తో ఎత్తిరాసుకునేవాడు. వేళ్ళు నొప్పులు పుట్టేవి. ఈ నకలు రాసే బాధ తప్పించే యంత్రం ఎందుకుండకూడదని అదే గ్రంథాలయంలో శాస్త్ర గ్రంథాలు తిరగేశాడు. హంగరీ శాస్త్రవేత్త సెలేని రాసిన వ్యాసాలు అక్కడే కంటపడ్డాయి. 1938 అక్టోబర్ 22న ఆస్టోరియాలో ఒక అద్దె గదిలో మొదటి నకలు తీశాడు. మనం జిరాక్స్ అంటున్నది దాన్నే. క్యాంపస్ గేట్ల దగ్గర, తార్నాక, విద్యానగర్ సందుల్లో నోట్సులు, హాల్ టికెట్లు, థీసిస్‌లు నకళ్ళు తీసిచ్చి బతుకుతున్న ప్రతి చిన్న షాపుకూ మూలం ఒక ప్రజా గ్రంథాలయంలో పేదవాడికి దొరికిన ఒక కుర్చీ.

మన ఊళ్ళోనూ విత్తనాలు పడ్డాయి. యూసఫ్‌గూడలోని జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల సంస్థ 1962లో హైదరాబాద్‌కు వచ్చింది. అప్పుడు దాని పేరు సియెట్. 1964లో హార్వర్డ్ ఆచార్యుడు డేవిడ్ మెక్లెలాండ్ ఆలోచనతో కాకినాడ చిన్న వ్యాపారుల్ని ఇక్కడికి పిలిపించి శిక్షణ ఇచ్చారు. అది కాకినాడ ప్రయోగంగా ప్రపంచ మేనేజ్‌మెంట్ పుస్తకాలకెక్కింది. డబ్బున్న ఇంట్లో పుట్టకపోయినా వ్యాపార దృష్టి నేర్పితే వస్తుందని చెప్పిన ప్రయోగం అది. 1971లో అదే సంస్థలో చిన్న పరిశ్రమల సమాచారమంతా ఒకచోట చేర్చే సెండాక్ కేంద్రం మొదలైంది. 2015లో మొదలై, ఇప్పుడు రాయదుర్గంలో నడుస్తున్న టీ-హబ్ స్టార్టప్‌లకు పేరు తెచ్చింది. అన్నీ మంచివే. కానీ యూసఫ్‌గూడకూ రాయదుర్గానికీ మాణికేశ్వర్ నగర్ నుంచి రెండు బస్సులు మారాలి. అక్కడ సూటుబూటు ఉన్నవాడినే లోపలికి రానిస్తారేమోనన్న జంకు ఒకటి. బండి మూసుకుని ఒక పూట పోతే ఆ పూట బేరం పోయినట్టే. సమాచారం బస్తీకి రావాలి, లేదా బస్తీ పక్కకైనా రావాలి.

అక్కడే గ్రంథాలయ నిర్వాహకులు ఆలోచించాల్సిన ఒక చిన్న విషయం ఉంది. టిఫిన్ బండి తెల్లవారుజామున నాలుగింటికి లేస్తుంది, పదకొండు దాకా ఊపిరాడదు. మిర్చి బండి సాయంత్రం నాలుగుకు పొయ్యి ముట్టిస్తుంది, రాత్రి పదిదాకా అంతే. ఇద్దరికీ ఖాళీ దొరికేది మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడున్నర మధ్య. మన శాఖా గ్రంథాలయాలు చాలావరకు ఉదయం, సాయంత్రం తెరిచి మధ్యాహ్నం తాళం వేసే అలవాటుతో పెరిగాయి. ఉద్యోగుల వేళలకు, పింఛనుదార్ల వేళలకు తగ్గట్టు కట్టిన సమయాలవి. వ్యాపారి వేళకు కూడా తలుపు తెరవాలి.

ఇంకో ఇబ్బంది నిశ్శబ్దం. గ్రంథాలయంలో మాట్లాడకూడదు. అది చదువుకునేవాడికి వరం. కానీ వ్యాపారి చదివి నేర్చుకోడు, అడిగి నేర్చుకుంటాడు. ఒక సందేహం తీరితే దాని కొసకు ఇంకొకటి వేలాడుతుంది. “అట్లయితే పాన్ కార్డు లేకుంటేనో?” అని పక్కన కూర్చున్న ఇంకో అక్క అందుకుంటుంది. అందుకే బల్ల లోపల వద్దు, వరండాలో వేయాలి. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, గోడకు ఒక నల్లబోర్డు. బల్ల మీద ఉండాల్సినవి ఎక్కువేమీ కావు. పోషకాల పట్టికల పుస్తకం, వీధి వ్యాపారుల చట్టం తెలుగు ప్రతి, ఖాతా రాయడం నేర్పే చిన్న పుస్తకం ఒకటి, ఆ వారం మార్కెట్ ధరలున్న దినపత్రికలు, ఇంటర్నెట్ ఉన్న ఒక కంప్యూటర్. ఆహార వ్యాపారానికి రిజిస్ట్రేషన్ చేసుకుంటే వచ్చే 14 అంకెల నంబరు ప్యాకెట్ మీద ఎక్కడ వేయాలో చూపించే నమూనా కాగితం ఒకటి ఉంటే ఇంకా మంచిది. పొదుపు సంఘాల ఆడవాళ్ళు పదిమంది కలిసి వస్తారు, ఒకరి సందేహం పదిమందికి పాఠమవుతుంది.

బల్ల దగ్గర కూర్చునే మనిషి ఎవరు? గ్రంథాలయాల్లో ఖాళీలు భర్తీ కాక ఉన్నవాళ్ళే రెండు మూడు చోట్ల పని చూసుకుంటున్నారు. వాళ్ళ నెత్తిన ఇంకో బరువు పెట్టమని అనడం న్యాయం కాదు. మనుషులు క్యాంపస్‌లోనే ఉన్నారు. ఉస్మానియాలో కామర్స్ ఉంది, బిజినెస్ మేనేజ్‌మెంట్ ఉంది, న్యాయశాస్త్రం ఉంది, గ్రంథాలయ శాస్త్రమూ ఉంది. ఈ పిల్లలంతా ప్రాజెక్టు రిపోర్టుల కోసం ఏవో కంపెనీల చుట్టూ తిరుగుతుంటారు. నలుగురు కలిసి వారానికి రెండు మధ్యాహ్నాలు ఈ వరండాలో కూర్చుని, బస్తీలో ఇరవై బండ్ల లెక్కలు సరిచేసి రాసిచ్చిందే ప్రాజెక్టు రిపోర్టుగా తీసుకోవచ్చు. దానికి మార్కులు వేయడానికి ఆచార్యులు వెనకాడనక్కర్లేదు. ఏ కంపెనీ బ్యాలెన్స్ షీటూ నేర్పని పాఠం ఆ నూనె అట్ట నేర్పుతుంది. గిరిగిరి కార్డు మీది వడ్డీని లెక్క కట్టగలిగిన పిల్లవాడికి ఆర్థికశాస్త్రం జన్మలో మరపురాదు.

విశ్వవిద్యాలయ గ్రంథాలయం తలుపు బస్తీకి పూర్తిగా తెరవమనడం ఇప్పటికిప్పుడు అయ్యే పని కాకపోవచ్చు. పరిశోధకుల అవసరాలున్నాయి, భద్రత ప్రశ్నలున్నాయి. అందుకే అడుగుతున్నది చిన్నది. నగర గ్రంథాలయ సంస్థ సెస్సు సొమ్ములోంచి ఒక గది, ఒక బల్ల ఇవ్వాలి. విశ్వవిద్యాలయం వారానికి రెండు మధ్యాహ్నాలు నలుగురు పిల్లల్ని పంపాలి. పోషకాహార సంస్థ తన పట్టికల్లోంచి బస్తీ వంటకాలకు కావలసిన ముప్ఫై నలభై పదార్థాలు ఏరి, తెలుగులో నాలుగు పేజీలు అచ్చు వేయించి ఇవ్వాలి. మూడు సంస్థలూ ఈ నగరంలోనే పనిచేస్తున్నాయి. మూడూ ప్రజల సొమ్ముతో నడిచేవే.

ఆ టిఫిన్ బండి అక్క అట్టను మళ్ళీ పోపుల డబ్బా కింద పెట్టుకుంటూ, “గిట్ల లెక్క చెప్పేటోళ్ళు ఎక్కడుంటరన్నా?” అని అడిగింది. చిరునామా చెప్పలేకపోయాను. నగర గ్రంథాలయ సంస్థ పెద్దలకు, ఉస్మానియా ఉపకులపతికి విన్నపం ఒక్కటే. ఆ చిరునామా మాణికేశ్వర్ నగర్‌లో పెట్టండి. ఆమె కార్డులో ఇంకా నలభై గళ్ళు ఖాళీగా ఉన్నాయి.